మాలియే అన్న మైకులు

సోమవారం పొద్దున్నే, సమోవా దీవిలోని ఓ ఊళ్ళో, లఫాయెలె ప్రార్థన ముగించి, చేమలాంటి టారో దుంపలు కాలుస్తున్న భార్య మెరిపా పక్కన కూర్చుని తన ఆలోచన చెప్పాడు. తమ్ముడు పెతెలోను మళ్ళీ ఊళ్ళోకి రానివ్వమని ఆ రోజు పెద్దల సభలో అడగబోతున్నాడు. క్రికెట్ ఆటలో ఊరిపెద్ద లెసా అల్లుణ్ణి కొట్టినందుకు పెతెలోను వెలివేశారు. ఇప్పుడు తల్లి మంచం పట్టింది. చిన్నకొడుకు కోసం కళ్ళల్లో ప్రాణం పెట్టుకుని ఉంది.

"పోయినసారి మైకు నీదాకా రానిచ్చారా?" అంది మెరిపా.

"ఇప్పుడది ఎవరి చేతిలోనూ ఉండదే. ఆక్లండ్ నుంచి మనవాళ్ళు పంపిన మైకుల మిక్సరు పెడుతున్నా. సభలో పెద్దలు ఆనుకుని కూర్చునే ప్రతి స్తంభం దగ్గరా ఒక మైకు. ఎవరి గొంతు గట్టిగా వినిపిస్తే వాళ్ళ మైకు తెరిచి, మిగతావి అదే మూసేస్తుంది. పెద్దా చిన్నా చూడదు."

"దేవుడిలాగా?"

"దేవుడిలాగే," అన్నాడు. చర్చి పెద్ద అయిన తను అలా అనవచ్చో లేదోనని తర్వాత కాస్త ఇబ్బంది పడ్డాడు.

మిక్సరును అతను ముందే చర్చిలో పాటలవాళ్ళతో పరీక్షించాడు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు, చక్కగా పనిచేసింది. సభలో మాత్రం సమోవావాళ్ళెవరూ నోరు మూసుకుని వినరన్న సంగతి, అక్కడే పుట్టి పెరిగినవాడు, మరిచిపోయాడు. ఎదుటివాడి మాట మాటకూ "మాలియే", అంటే భేష్, అనాలి. అనకపోతే అవమానం.

అతని వంతు వచ్చింది.

"పెద్దలారా, మా అమ్మ..."

"మాలియే," అన్నాయి స్తంభాలన్నీ. మిక్సరు వాళ్ళ మైకులు తెరిచి అతనిది మూసింది.

గొంతు పెంచాడు. ఆవేశం వచ్చిందనుకుని వాళ్ళూ పెంచారు. ఆగమని చేయి ఊపాడు. అభినయం కూడా బాగుందనుకున్నారు. తమ్ముడి పేరు ఒక మాలియే కింద, క్షమాపణ ఇంకో మాలియే కింద నలిగిపోయాయి. మిక్సరుకు కలిపిన చర్చి మీది స్పీకర్లు ఊరంతటికీ పొగడ్తే వినిపించాయి.

బయట చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె, "ఏం అడుగుతున్నాడే?" అంది.

"ఏమో. చాలా బాగా అడుగుతున్నాడు."

చివరికి లఫాయెలె కళ్ళు తుడుచుకుని తల దించేశాడు. సభ గౌరవంగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో లెసా పక్కాయన చెవిలో గొణిగాడు. మాట్లాడేది ఆయనొక్కడే కాబట్టి మిక్సరు ఆయన మైకు తెరిచింది.

"దెబ్బలు ఎప్పుడో మానాయిలేవోయ్. పెతెలో తోట మా అల్లుడు దున్నుకుంటున్నాడు. వాడొస్తే వదిలెయ్యాలిగా?"

ఊరంతా విన్నది. ఓ ముసలి పెద్ద అలవాటు కొద్దీ "మాలియే" అన్నాడు. మిగతావాళ్ళూ అన్నారు.

కాసేపు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. తర్వాత లెసా గొంతు సవరించుకున్నాడు. "ఈ యంత్రానికి పెద్దా చిన్నా తెలీదు. ఇది ఊళ్ళో ఉండటానికి పనికిరాదు."

అందరూ ఒప్పుకున్నారు. పెతెలో సంగతి చర్చకే రాలేదు. లెసా గొణిగింది విన్నామని ఎవరూ అనలేదు మరి.

లఫాయెలె వెలిపడ్డ మిక్సరును చంకన పెట్టుకుని ఇల్లు చేరాడు. తల్లి మంచం మీంచే అడిగింది. "నీ మాటకీ మాలియే అన్నారు, లెసా మాటకీ మాలియే అన్నార్రా. ఇంతకీ వాడొస్తున్నాడా?"

అతను మిక్సరును మంచం కిందకి తోశాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో, పైన ఎవరి మైకు తెరిచి ఉందో ఒక్కసారి చూడమని దేవుణ్ణి అడిగాడు.

మర్నాడు పెద్దల నుంచి కబురొచ్చింది. మరమ్మతు చేయించి, బుద్ధిగా ఉంటుందని హామీ ఇస్తే, యంత్రాన్ని మళ్ళీ ఊళ్ళోకి రానిస్తామని దయతో చెప్పి పంపారు.