తిరస్కరణకు ఎంపికైనవారి జాబితా

"మా శాఖ ఆనాడు తిరస్కరించి ఉండకపోతే ఈ అమ్మాయి ఈనాడు ఇంతదయ్యేది కాదు" అని విద్యాశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం మా ఆఫీసు మీటింగు హాల్లో ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తిరస్కరణ పత్రం టైపు చేసింది నేనే కాబట్టి మిగతావాళ్లకంటే కాస్త గట్టిగానే కొట్టాను.

నేను మేలిమి పాఠశాల ఎంపిక విభాగంలో టైపిస్టుని. ఏటా ఐదో తరగతి కాగానే వేలమంది పిల్లలు మా పరీక్ష రాస్తారు. అందులో అరవైమందిని ఏరి తీసుకుంటాం. మిగతావాళ్లకి "చింతిస్తున్నాము" అని ఉత్తరాలు పంపుతాం. ఇరవై ఏళ్లుగా శాఖ తరఫున చింతించే పని మొత్తం నా మీదే ఉంది. ఐదేళ్ల కిందట అర మార్కు తక్కువైందని నేను చింతించిన పిల్లల్లో ఓ దర్జీగారి పెద్దమ్మాయి ఉంది. ఆ పిల్ల ఊరుకుందా? వాళ్ల వీధి చివరి బళ్లో చేరి, మొన్న పదో తరగతిలో ఏకంగా మొదటి ర్యాంకు కొట్టింది. మేం ఏరి కోరి తీసుకున్న అరవైమందిలో మొదటివాడికి నలభై మూడో ర్యాంకు వచ్చింది.

పేపర్లవాళ్లకి పండగైంది. "ఇదేం ఎంపిక?" అని మొదటి పేజీలోనే రాశారు. ఇంకొకరైతే సెలవు పెట్టేవారు. మా డైరెక్టరుగారు అలాంటి మనిషి కారు. రెండు రోజులు తలుపేసుకుని ఆ ఫైలు చదివారు. మూడోరోజు నన్ను పిలిచి, "ఏమయ్యా, ఆ పిల్లలో కసి పుట్టించింది ఎవరు?" అని అడిగారు.

"ఎవరండీ?"

"మనమే కదయ్యా."

ఆ ముక్కే మంత్రిగారి ప్రసంగమైంది.

ఆ సోమవారం జరిగిన సన్మానానికి ఆ అమ్మాయి చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మంత్రిగారు జ్ఞాపిక చేతికిచ్చి, కెమెరాలవైపు తిరిగి, "నీ విజయ రహస్యం చెప్పమ్మా" అన్నారు.

"మా లెక్కల టీచరుగారండీ. బడి వదిలాక రోజూ గంటసేపు కూర్చోబెట్టి మళ్లీ మొదట్నుంచీ చెప్పేవారు."

"అది సరే. మేం కాదన్నప్పుడు నీ గుండె రగిలిపోయింది కదా?"

"జ్వరమొచ్చిందండీ."

"రాసుకోండి, జ్వరంతో మొదలైంది" అన్నారు మంత్రిగారు విలేకరులతో. తర్వాత ప్రేమగా వంగి, "ఏం కావాలో అడుగు తల్లీ" అన్నారు.

అందరం ల్యాప్‌టాప్ అడుగుతుందనుకున్నాం. ఆ పిల్ల చెల్లెల్ని ముందుకు తోసి, "దీనికి ఈ ఏడు ఆరో తరగతండీ. లెక్కలంటే హడలు. మా బళ్లోనే, ఆ టీచరుగారి క్లాసులో సీటు దొరికితే చాలు" అంది.

"ఎవరొచ్చినా చేర్చుకునే బడి కదమ్మా అది. దానికి మంత్రి కావాలా?" అన్నారాయన. హాలంతా నవ్వింది. పెద్దమ్మాయి కూడా మొహమాటంగా నవ్వింది. చిన్నది మాత్రం నవ్వలేదు.

వారం తిరక్కుండా "ప్రతిభా తిరస్కరణ పథకం" వచ్చింది. ఈ ఏడు పరీక్షలో మొదటి అరవైమందినీ ప్రభుత్వమే సగౌరవంగా తిరస్కరిస్తుంది. తిరస్కరించి, ఫలితం రుజువైన చోటికే, అంటే ఆ వీధి చివరి బడికే పంపుతుంది. మేలిమి పాఠశాలలో ఖాళీ అయిన ఆరో తరగతి గదుల్లో పథకం పర్యవేక్షణ కార్యాలయం పెట్టారు. నా ఉత్తరంలో "చింతిస్తున్నాము" తీసేసి "సగర్వంగా చింతిస్తున్నాము" అని మార్చారు. లామినేషన్ కూడా చేయించారు.

ఇక చూడండి జనం. ఓ డాక్టరుగారు మా డైరెక్టరుగారి చేతులు పట్టుకుని, "మావాణ్ణి ఎలాగైనా తిరస్కరించండి సార్. ఇంట్లో మావల్ల కావడం లేదు" అని బతిమాలారు. కోచింగ్ సెంటర్లు "తిరస్కరణ గ్యారంటీ" అని బోర్డులు కట్టాయి. మంత్రిగారి మనవడికి రెండువందల పన్నెండో స్థానం వచ్చింది. రూల్సు ప్రకారం అతన్ని తిరస్కరించడానికి వీల్లేదు. కానీ డైరెక్టరుగారు ధర్మంగా ఆలోచించి, "పుట్టాక ఈ బాబుని ఎవరూ ఏదీ కాదన్నది లేదు. అందరికంటే ఇతనికే అవసరం" అని నోట్ రాశారు. జాబితాలో ఆ బాబు మొదటివాడయ్యాడు.

బళ్లు తెరిచిన రోజున అక్కాచెల్లెళ్లు మా ఆఫీసుకి వచ్చారు. చిన్నది కొత్త సంచీ భుజాన వేసుకుని ఉంది.

"మా బళ్లో సీట్లు లేవన్నారండీ. అరవై సీట్లూ మీ లిస్టువాళ్లకేనట" అంది అక్క.

డైరెక్టరుగారు ఎంతో ఓపిగ్గా అడిగారు. "మీ చెల్లెలు మా పరీక్ష రాసిందా?"

"లేదండీ. మా బళ్లో చేరడానికి పరీక్షెందుకండీ?"

"పోనీ నువ్వే చెప్పు. పరీక్ష రాయని పిల్లని మేమెలా తిరస్కరిస్తాం? తిరస్కరించని పిల్లకి ఆ బళ్లో సీటెలా ఇస్తాం?"

"కనీసం టీచరుగారి దగ్గర సాయంత్రం ఓ గంట..."

"ఆవిడ అక్కడ లేరమ్మా. పథకానికి కోఆర్డినేటరుగా వేశాం. ఊరూరా తిరిగి తిరస్కరణ మీద ఉపన్యాసాలిస్తున్నారు. చాలా బాగా మాట్లాడుతున్నారట."

ఆ పిల్ల చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నాకు మనసు చివుక్కుమంది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఉత్తరం లేకుండా చింతించడం అదే మొదటిసారి.

సాయంత్రం ఆఫీసు మూసేవేళకి డైరెక్టరుగారు కిటికీ దగ్గర నిలబడి కిందకి చూస్తున్నారు. నేనూ వెళ్లి చూశాను. మా ఆఫీసు మెట్ల మీద అక్కాచెల్లెళ్లు కూర్చుని ఉన్నారు. అక్క పలక మీద గుండ్రం గీసి, దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క చెరిపేసి, ఎంత మిగిలిందని అడుగుతోంది. చిన్నది తప్పు చెప్పింది. అక్క మళ్లీ గీసింది.

"దానికి లెక్కలొస్తాయంటావా?" అన్నారు డైరెక్టరుగారు.

"ఆ అమ్మాయి చెబితే వస్తాయండీ" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "అయితే ఐదేళ్లకి ఇదీ ఫస్టొస్తుంది. మళ్లీ పేపర్లవాళ్లు మన మీద పడతారు. ఎందుకొచ్చిన గొడవ. అభినందన పత్రం ఇప్పుడే టైపు చేసి ఫైల్లో పెట్టు. తేదీ ఖాళీగా వదిలెయ్."

మిషన్ ముందు కూర్చున్నాను. పేరు కొట్టాను, తండ్రి వృత్తి కొట్టాను. దాని కింద "చదివిన పాఠశాల" అని ఉంది. అక్కడ వేళ్లు ఆగాయి. "ఇక్కడేం పెట్టమంటారు సార్?" అని అడిగాను.

డైరెక్టరుగారు ఇంకోసారి కిటికీలోంచి చూసి వచ్చారు.

"మెట్లు మనవే కదయ్యా" అన్నారు. "మన ఆఫీసు పేరు పెట్టు."