సుంకమ్మ ఎకరాలో ఆరు రాళ్లు

ఫ్యాక్టరీ ఎందుకండీ, శంకుస్థాపన ఉండగా?

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నాను. ఫ్యాక్టరీ కడితే పొగ వస్తుంది, మెషీన్లు తుప్పు పడతాయి, ఏదో ఒకరోజు గేటుకు తాళం పడుతుంది. శిలాఫలకానికి ఈ బాధలేవీ లేవు. కరెంటు అడగదు, జీతం అడగదు. పైగా పాతిన రోజే పూర్తయిపోతుంది!

నమ్మకపోతే మా ఎర్రగుట్టపల్లెకు రండి. పత్తికొండ టమాటా మార్కెట్ నుంచి ఆటోలో గంట ప్రయాణం. ఊరి బయట సుంకమ్మ ఎకరా ఉంది. మా ఎమ్మెల్యే ఉమామహేశ్ గారి రాజకీయ చరిత్ర మొత్తం అందులో వరసగా పాతి ఉంది. ఇంత వివరం ఎన్నికల కమిషన్ దగ్గర కూడా ఉండదు.

మొదటి రాయి ఆయన తొలిసారి గెలిచినప్పటిది. బేతంచెర్ల బండ మీద 'టమాటా జ్యూస్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన, యువ శాసనసభ్యులు' అని చెక్కి ఉంటుంది. అప్పటికి సుంకమ్మకు ఉన్నవి రెండెకరాలే. మార్కెట్లో ధర పలకక, టమాటాలన్నీ రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ బుట్టలతో ఆమె ఇల్లు చేరిన రోజునే ఆయన గడప తొక్కాడు.

"ఒక ఎకరా ఇయ్యి సుంకమ్మత్తా. పండింది పండినట్టు ఈడ్నే కొంటారు. మీ నాగజ్యోతికి ఉద్యోగం నా పూచీ," అన్నాడు.

బిడ్డకు ఉద్యోగమంటే ఏ తల్లి కాదంటుంది? సుంకమ్మ వేలిముద్ర వేసింది.

తరువాత ఆ రాతిమీద పేరున్న మంత్రితో ఉమామహేశ్ గారికి చెడింది. ఆ పేరు ఇంకా కనబడితే బాగుంటుందా? ఎన్నికల ముందు దానికి అడ్డంగా, ఇంకో మూర ఎత్తున రెండోది లేపించాడు. అయినా ఎనిమిది వందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

మూడోదంటే నాకు ప్రాణం. 'మాజీ శాసనసభ్యులు' అని చెక్కించుకున్న శంకుస్థాపన రాయి మీరెక్కడైనా చూశారా? కొత్త ఎమ్మెల్యే ఫ్యాక్టరీని పట్టించుకోలేదని నిరసనగా ఈయనే వచ్చి పాతాడు. పోలీసులు తీసుకుపోయి, మధ్యాహ్నం దాకా స్టేషన్లో కూర్చోబెట్టి, ఉప్మా పెట్టి పంపారు. జనం అయ్యో పాపం అన్నారు. మరుసటి ఎన్నికల్లో గెలిచాడు, వేరే పార్టీ తరఫున.

నాలుగోది ఆయన మంత్రి అయినప్పటి నల్ల గ్రానైట్. కర్నూలులో రిమోట్ నొక్కితే ఇక్కడ తెర జారాలి. జారకపోతే సుంకమ్మే వెళ్లి లాగింది. అయిదోది మళ్లీ పార్టీ మారి మళ్లీ గెలిచినప్పటిది. ఫ్యాక్టరీ గురించిన రాతలో ఒక్క అక్షరం మారలేదు, చుట్టూ వేసిన రెయిలింగ్ రంగు మాత్రం మారింది. సిద్ధాంతాలకు కట్టుబడటమంటే ఇదే కదా!

సుంకమ్మకు వీటివల్ల ఎంత సదుపాయమో! మొదటి రాతి గద్దె మీద మిరపకాయలు ఎండబెడుతుంది. రెండోదానికి మేకను కట్టేస్తుంది. అదే ఫ్యాక్టరీ గోడైతే వాచ్‌మన్ ఊరుకునేవాడా? ఇక ఉద్యోగం సంగతి ఎమ్మెల్యే గారు ఏనాడూ మరిచిపోలేదు. నాగజ్యోతికి పెళ్లయి, వయసు దాటిపోయింది కాబట్టి, ఇప్పుడు ఆమె కూతురు లక్ష్మీదుర్గకు ఇస్తానంటున్నారు. ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది.

ఇంత చక్కగా సాగుతుండగా ఈ మధ్య ఒక ప్రమాదం ముంచుకొచ్చింది. ఫ్యాక్టరీ నిజంగానే మంజూరైంది!

సర్వేయర్ నాగరాజ్ స్థలం కొలవడానికి వచ్చాడు. రాయికో గద్దె, గద్దెకు మెట్లు, చుట్టూ రెయిలింగ్, పెద్దల కార్లు తిరగడానికి సిమెంటు దారి. ఎండలో చెమటలు కక్కుతూ అన్నీ కొలిచి రిపోర్టు రాశాడు: 'స్థలం ఖాళీగా లేదు. అయిదు శాశ్వత నిర్మాణాలు ఉన్నవి.'

"పీకేస్తే పోలేదా నాగరాజప్పా?" అంది సుంకమ్మ.

"అమ్మో, పెద్దోళ్ల పేర్లుండాయి. చెయ్యి పెడితే నా ఉద్యోగం పోతాది," అని అతను బండెక్కాడు. ఫైలు వెనక్కి పోయింది.

సుంకమ్మ తిన్నగా ఎమ్మెల్యే ఇంటికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

"ఇరవై ఏండ్లు దాటిందప్పా. ఫ్యాక్టరీ అన్నా కట్టు, నా ఎకరా అన్నా ఇడిసిపెట్టు. నాలుగు టమాటా మొక్కలన్నా నాటుకుంటా," అంది. నాకూ ఎక్కడో కలుక్కుమంది, దాచడమెందుకు.

ఆయన మనసు కరిగింది. "రాళ్లన్నీ తీపిచ్చేస్తానత్తా. నా పూచీ," అన్నాడు.

అన్నమాట ప్రకారం పోయిన సోమవారమే వచ్చాడు. డప్పులు, పూలదండలు, కొబ్బరికాయ అన్నీ వచ్చాయి. కానీ రాళ్లు తీయడం కూడా ప్రభుత్వ పనే కదా, దానికీ ఒక పద్ధతి ఉండొద్దా? అయిదింటికీ నడుమ మిగిలిన కాస్త జాగాలో కొత్తది వెలిసింది: 'శిలాఫలకాల తొలగింపు పనులకు శంకుస్థాపన.'

కార్లు వెళ్లిపోయాక సుంకమ్మ నన్ను పిలిచింది. ఆమెకు చదువు రాదు.

"ఈ తూరి నా పేరు గూడా ఏసినారంట. యాడుండాదో సూపియ్యప్పా."

అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. 'స్థలదాత: శ్రీమతి సుంకమ్మ' అని చదివి వినిపించి, ఆమె వేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టాను. ఈ గౌరవం ఏ ఫ్యాక్టరీ ఇస్తుంది చెప్పు అని అడగబోయాను కూడా.

ఆమె ఆ అక్షరాలను ఒకసారి తడిమి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సర్వే నంబరు గూడా చెక్కిచ్చింటే బాగుండు గదప్పా. నా ఎకరాను ఈడ్నే పూడ్చినారని మా లక్ష్మీదుర్గకన్నా తెలుస్తుండె."