రెండు ఊళ్ళ పది గంటలు

ఆ శనివారం పొద్దున దర్జీ సిచాల్వేకు ఒకటే పని. పది గంటలకు తుందుమాలో నంఫుక్వే ఇంటికి వెళ్ళి, ఆమె అన్న ముందు కూర్చుని, పిల్లనిమ్మని అడిగించుకోవాలి. పిల్ల అంటే ఆమెకూ యాభై దాటాయి. ఇద్దరూ తోడు పోయినవాళ్ళే. ఆమె సరిహద్దు గేటు దగ్గర టీ అమ్ముతుంది. అతనికి టీ పడదు. అయినా మూడేళ్ళుగా తాగుతున్నాడు.

అడిగించుకోవడం ఎందుకంటే, పెళ్ళికొడుకు నోరు విప్పకూడదు. మధ్యవర్తి వచ్చి మాట తీసేదాకా పిల్ల తరఫు పెద్దలతో ఒక్క ముక్క మాట్లాడినా సంబంధం చెడినట్టే. మధ్యవర్తిగా అతని ఊరివాడే సింకాలా ఒప్పుకున్నాడు. "పదికి అక్కడే కలుస్తా" అన్నాడు.

చిక్కంతా టైముతోనే. సిచాల్వే ఉండే నకోండె జాంబియాలో ఉంది. రోడ్డు దాటితే తుందుమా, టాంజానియా. అక్కడ గంట ముందు. తినే సంకటి అదే, మాట అదే, చుట్టాలూ వాళ్ళే. గడియారం మాత్రం వేరు. ఫోను ఏ వైపు టవరు దొరికితే ఆ వైపు టైము చూపిస్తుంది. అందుకని సిచాల్వే ముందురోజే చేతి గడియారం గంట ముందుకు తిప్పి పెట్టుకున్నాడు.

అన్నకు మతిమరుపు కదా అని సిచాల్వే చెల్లెలు ఇంకో గంట తిప్పింది. నాన్న కంగారులో మరిచిపోయి ఉంటాడని కూతురు మరో గంట తిప్పింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ప్రేమ ఎక్కువైన ఇళ్ళలో అంతే.

ముసురు పట్టి సూర్యుడు కనబడలేదు. సిచాల్వే కోటు తొడుక్కుని నంఫుక్వే వాకిట్లో నిలబడేసరికి ఆమె తల సగం జడలల్లి ఉంది, సగం లేచి నిలబడి ఉంది.

"పిచ్చా నీకు? ఇప్పుడే ఎనిమిదైంది!"

"నా గడియారంలో పది."

"అయితే ఆ గడియారాన్నే చేసుకో. వానలో నిలబడకు, లోపలికి రా."

వంటకు రావలసిన మనిషి రాలేదు. పొయ్యి మీద మేకకూర ఉడుకుతోంది. జడలు వేసే ఆమె వెనకగదిలోంచి అరుస్తోంది. నంఫుక్వే అతని చేతికి తెడ్డు ఇచ్చి వెళ్ళిపోయింది. పిలిచేదాకా పెళ్ళికూతురు బయటికి రాకూడదు. అదీ ఆచారమే. సిచాల్వే కోటు విప్పి, ఆమె రంగుగుడ్డ ఒకటి నడుముకు చుట్టుకున్నాడు.

ఎంబేయా ఊరి బస్సు దిగి నంఫుక్వే అన్న వచ్చాడు. అతను సిచాల్వేను ఎన్నడూ చూడలేదు. పొగలో చెమటలు కక్కుతున్న మనిషి వంటవాడే అనుకున్నాడు.

"ఏమయ్యా, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వచ్చారా?"

సిచాల్వే నోరు తెరిచి, మూశాడు. మాట్లాడితే నంఫుక్వే దక్కదు. తలొంచుకుని కూర కలిపాడు.

పది దాటింది. అన్నకు మండింది.

"చూశావా, మొదటిరోజే ఇలా! పోయిన మా బావా ఇంతే. సొంత పెళ్ళికే ఆలస్యంగా వచ్చాడు. ఆ తర్వాత ప్రతి రాత్రీ మా చెల్లి వాకిట్లో కూచుని ఎదురుచూడ్డమే. మళ్ళీ అలాంటివాడికిస్తానా? ఇవ్వను. కాస్త కారం తగిలించు అందులో."

సిచాల్వే కారం వేశాడు. కళ్ళల్లో నీళ్ళు ఆ కారానివి కావు.

అన్న రుచి చూశాడు. మళ్ళీ చూశాడు. గొంతు తగ్గింది.

"నీకు పెళ్ళాం ఉందా?"

సిచాల్వే తల అడ్డంగా ఊపాడు.

"పోయిందా పాపం?"

నిలువుగా ఊపాడు.

"బాగా వండుతావు. ఎదురు మాట్లాడవు. పొయ్యి వదిలి కదల్లేదు. ఆ రానివాడికంటే నీకిస్తే మా పిల్ల సుఖపడుతుంది. ఏమంటావ్?"

సిచాల్వే తల ఊపిన ఊపుకు తెడ్డు చేతిలోంచి ఎగిరి పడింది.

సరిగ్గా అప్పుడు సింకాలా గొడుగు ముడుస్తూ, గుడ్డ కప్పిన పళ్ళెంతో గడపలోకి వచ్చాడు. "పిల్లనడగడానికి వచ్చామండీ."

"పదకొండింటికా! ఏడీ మీ పెళ్ళికొడుకు?"

"అదుగో, మీ కూర మాడుస్తున్నాడు."

వెనకగదిలో నవ్వు ఇక ఆగలేదు. అన్న దగ్గరికొచ్చి సిచాల్వే మొహంలోకి చూశాడు.

"ఎప్పుడొచ్చావయ్యా నువ్వు?"

మధ్యవర్తి మాట తీశాడు కనక ఇప్పుడు మాట్లాడొచ్చు. "మీకంటే ముందే, బావగారూ."

"మరైతే ఇలా వచ్చి నా పక్కన కూచో. ఆ తెడ్డు ఆయన చేతికివ్వు. ఆలస్యంగా వచ్చినవాడు తిప్పుతాడు."

తాను టైముకే వచ్చానని సింకాలా తెడ్డు తిప్పుతూనే అన్నాడు. ఇప్పటికీ అంటాడు. అది నిజమే, నకోండెలో.