కంట్రోల్‌లో ఖాళీలు

ఆ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చేసే పరిశోధనల్లో కంట్రోల్ గ్రూపులో చేరినవాళ్లకు ఏమీ జరగదు. జ్వరం రాదు, గోరు పెరగదు, పన్ను ఊడదు. అందువల్లే అక్కడి డీటీపీ ఆపరేటర్ ఓదెలు భార్య నవతకు పన్నెండో నెల నడుస్తున్నా కాన్పు కాలేదు.

ఈ పద్ధతి వెనక కారణం ఉంది. పూర్వం, మందు తిన్నవాళ్లతో పోల్చి చూడటానికి ఉంచే ఈ కంట్రోల్ గ్రూపు వాళ్లకు మందు ఇవ్వకుండా ఊరికే వదిలేసేవారు. వాళ్లు ఊరుకుంటారా? ఇంటికి పోయి ఏదో కషాయం తాగేవారు, మేనత్త చెప్పిన ఆకు నూరుకునేవారు, కొందరైతే ఏ కారణమూ లేకుండానే బాగుపడేవారు. మందు పనిచేసిందో లేదో తేలేది కాదు. రెండు పెద్ద ప్రాజెక్టులు అలా మట్టికొట్టుకుపోయాక నైతిక సంఘం సమావేశమై, అధ్యయనం ముగిసేదాకా కంట్రోల్ గ్రూపు వాళ్లకు ఏమీ జరగకుండా చూడాలని తీర్మానించింది. కింద రిజిస్ట్రార్ సంతకం, స్టాంపు పడ్డాయి. మరునాటి నుంచి జరగడం ఆగిపోయింది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఆఫీసుల్లో ఒక్క సంతకంతో మొదలయ్యే పనులు తక్కువ గానీ, ఒక్క సంతకంతో ఆగే పనులు బోలెడు.

విశ్వవిద్యాలయం ప్రతి సోమవారం ‘పరిశోధన వార్తలు, అవకాశాలు’ అనే నాలుగు పేజీల బులెటిన్ వేస్తుంది. పదకొండేళ్లుగా దాన్ని టైపు చేసి పేజీలు కట్టేది ఓదెలే. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, అదే కుర్చీ. మూడో పేజీ తెలుగులో ఉంటుంది. ఆ పేజీకి ఒక నియమం ఉంది: శీర్షిక ఒక్క వరుస దాటకూడదు. గర్భిణుల రక్తహీనత మీద నువ్వుల లడ్డు ఎలా పనిచేస్తుందో తేల్చే అధ్యయనానికి మనుషులు కావాలని ప్రకటన వచ్చినప్పుడు, పంపిన శీర్షిక ‘కంట్రోల్ గ్రూపులో పాల్గొనదలచిన గర్భిణులకు అవకాశాలు’ అని ఉంది. వరుస దాటింది. ఓదెలు అక్షరాల సైజు తగ్గించి చూశాడు. ఇంకా రెండక్షరాలు కిందికి జారుతున్నాయి. ‘గ్రూపు’ తీసేశాడు, ‘పాల్గొనదలచిన’ తీసేశాడు, చివరికి ‘కంట్రోల్‌లో ఖాళీలు: గర్భిణులకు ప్రాధాన్యం’ అని కుదిర్చి, చక్కగా ఇమిడిందని సంతోషపడ్డాడు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఎందుకంటే ఓదెలు ఉండే బీడీ కాలనీలో కంట్రోల్ అంటే రేషన్ దుకాణం. ఆ దుకాణం బియ్యం కంట్రోల్ బియ్యం. ఓదెలు తల్లి లచ్చవ్వ బీడీలు కట్టలు కట్టుకోవడానికి కొడుకు తెచ్చే మిగులు బులెటిన్లు వాడుతుంది. వాటిలో ఒకటి ఎవరో చదివి వినిపించారు. గర్భిణులకు కంట్రోల్లో ఏదో అదనంగా ఇస్తున్నారని కాలనీ అంతా పొక్కింది. మర్నాడు పొద్దున్నే పంతొమ్మిది మంది గర్భిణులు అత్తలనో అమ్మలనో వెంటబెట్టుకుని, రేషన్ కార్డులు, సంచులు పట్టుకుని విశ్వవిద్యాలయం మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లలో ఎనిమిదో నెల నవత కూడా ఉంది. ఓదెలు ఆ రోజు ప్రింటింగ్ ప్రెస్సులో ఉన్నాడు.

అధ్యయనానికి పెద్ద డాక్టర్ ఇందుమతి. సంచులు చూసింది గానీ, జనానికి పరిశోధన మీద ఇంత ఆసక్తి ఉందా అని మురిసిపోయింది. చీటీలు తీయించారు. లడ్డు చీటీ వచ్చినవాళ్లు మొహం చిన్నబుచ్చుకున్నారు. కంట్రోల్ చీటీ వచ్చినవాళ్లు అదృష్టం పండిందని నవ్వుకుంటూ సంతకానికి లేచారు. నవత ఒక్కతే కలం పట్టుకుని ఆగింది.

“సంతకం పెడితే ఏమన్న అయితదా మేడం?”

“ఏం కాదమ్మా,” అంది ఇందుమతి, ఆమె భుజం మీద చేయి వేసి. “అస్సలేం కాదు.”

ఇంజక్షన్ ముందు అనే మాట, ఆపరేషన్ ముందు అనే మాట. ఆ మాట అనని డాక్టరు దగ్గరికి మన వైపు ఎవరూ రెండోసారి వెళ్లరు. నవత దాన్ని ధైర్యం చెప్పడం అనుకుంది. అది పత్రంలో మొదటి నిబంధన.

ఆ పొద్దున విశ్వవిద్యాలయం దగ్గర ఆటో దిగుతున్నప్పుడు బిడ్డ ఒకసారి తన్నింది. సంతకం పెట్టాక మళ్లీ తన్నలేదు. పదిహేను రోజులకోసారి స్కానింగ్ తీస్తారు. ప్రతిసారీ అదే బొమ్మ, పిడికిలి బుగ్గకు ఆనించుకుని. గుండె అంతే వేగంతో కొట్టుకుంటోంది, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. కింద ‘మార్పు లేదు, సంతృప్తికరం’ అని రాసిస్తారు. నవతకు ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు, ఆకలీ లేదు. జుట్టుకు చిక్కు కూడా పడటం లేదు.

“ఇయ్యాల గూడ కదల్లేదు,” అంటుంది ఓదెలు ఇంటికి రాగానే.

“గుండె కొట్టుకుంటుందని రాసిండ్రు గద.”

“గోడ గడియారం గూడ కొట్టుకుంటది,” అంటుంది నవత.

ఓదెలుకు భయంగా ఉంది. అన్నం ముందు కూర్చుంటే భయం, కంప్యూటర్ ముందు కూర్చుంటే భయం. ఆ శీర్షిక కుదించింది తనేనని తల్లికి చెప్పలేదు. భార్యకు చెప్పాడు. ఆ రెండక్షరాలు కిందికి జారితే ఏమయ్యేదని ఆమె అడిగింది.

లడ్డు గ్రూపులో మాత్రం ఎడాపెడా జరుగుతూనే ఉంది. ఒకామెకు కవలలు, ఒకామెకు కామెర్లు, ఒకామె కాన్పులోనే పోయింది. పక్కింటి సునందకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసే వేడుక చేస్తే నవత వెళ్లింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరో ఎత్తుకొమ్మని నవత చేతుల్లో పెట్టారు. ఏడుపు ఆగింది. నోరు తెరిచే ఉంది, కన్నీటి చుక్క బుగ్గ మధ్యలో నిలిచిపోయింది, ఊపిరి పీల్చిన ఛాతీ అలాగే ఉండిపోయింది. సునంద గబుక్కున లాక్కుంది. బిడ్డ మళ్లీ కేరుమంది.

“ఏమనుకోకు అక్కా,” అంది సునంద, బిడ్డను గుండెకు అదుముకుని వెనక్కి జరుగుతూ.

నవత ఏమీ అనుకోలేదు. ఇంటికొచ్చి, ఇక ఎవరి పిల్లల్నీ ఎత్తుకోనని మాత్రం చెప్పింది.

ఆ సోమవారం బులెటిన్ మొదటి పేజీకి వచ్చిన వార్త ఇది: కంట్రోల్ గ్రూపులో మరణాలు సున్నా, జ్వరాలు సున్నా, ఫిర్యాదులు సున్నా. దేశంలో ఇంతటి ఫలితం ఇదే మొదటిసారి. కాబట్టి లడ్డు ఆపేసి, కంట్రోల్‌ను మరో అయిదేళ్లు పొడిగిస్తున్నారు. పేర్ల జాబితాకు శనివారం సాయంత్రం తాళం వేస్తారు, ఆ తర్వాత పేరు చేర్చడం, తీసేయడం ఉండదు. ఓదెలు ఆ వార్తను తప్పులు లేకుండా టైపు చేశాడు. చేశాక లేచి, సెక్షన్ ఆఫీసర్ సత్తార్ దగ్గరికి వెళ్లి, భార్య పేరు తీసేయడానికి దరఖాస్తు అడిగాడు.

సత్తార్ మంచివాడు. ఫారం తనే వెతికి ఇచ్చాడు. అందులో ఒకే ఒక ప్రశ్న: ‘ఏం జరిగింది?’

“ఏం జరగలేదు సార్. అదే గద బాధ.”

“ఖాళీ వదిలితే నేను తీసుకోలేను ఓదెలు భాయ్. రాస్తే మాత్రం రూలు ప్రకారం తీసేస్తరు.”

“ఏం జరగదని మీరే గద సంతకం తీసుకున్నది?”

“అందుకే గద ఇప్పటిదాంక ఎవ్వరూ బయటికి పోలే,” అన్నాడు సత్తార్, కాస్త గర్వంగానే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు గానీ, ఇక్కడ పూజారి తప్పు కూడా లేదు. సత్తారే ఓదెలును ఇందుమతి గదికి తీసుకెళ్లాడు.

ఇందుమతి ఓపిగ్గా విన్నది. టీ తెప్పించింది. తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుంది.

“మీ భార్యకు మావల్లే ఏమీ జరగడం లేదంటున్నారు. అది తేలాలంటే బయటివాళ్లతో పోల్చాలి. మీరు మా గ్రూపులో లేరు కదా?”

“లేను మేడం.”

“మీ ఉద్యోగం పర్మినెంట్ అయిందా?”

“కాలేదు. ఫైలు పోయిందన్నరు, పదకొండేండ్లాయె.”

“మీ కాలనీలో మురికికాలువ?”

“తవ్విన్రు మేడం. గట్లనే ఉన్నది.”

“పోటీ పరీక్షలేమైనా రాశారా?”

“రాసిన. ఫలితాలు రాలే. కోర్టుల ఉన్నదట.”

ఇందుమతి అన్నీ రాసుకుని, రెండు నిలువు గీతలు గీసి, కళ్లజోడు తీసింది. “చేరినవాళ్లకు ఏమీ జరగలేదు. చేరని మీకూ ఏమీ జరగలేదు. రెండింటికీ తేడా లేదు ఓదెలూ. తేడా లేదంటే మేం దేన్నీ ఆపలేదని అర్థం. ఆపనిదాన్ని వదిలిపెట్టడం ఎలా?”

ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే సాయం చేయాలనుకుంది. గత అయిదేళ్లలో ఓదెలుకు జరిగిందేదైనా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, శనివారంలోగా రాసి తెస్తే తేడా రుజువవుతుందని, నవత పేరు తనే కొట్టేస్తానని మాట ఇచ్చింది. కావాలని చేసుకున్నది చెల్లదు, జరగాలి. నాలుగు గీతలున్న ఫారం చేతిలో పెట్టింది.

ఓదెలు ఆ నాలుగు గీతలు పట్టుకుని ఇల్లు చేరాడు. తల్లిని అడిగాడు.

“అవ్వా, నాకేమన్న అయిందా ఈ అయిదేండ్లల్ల?”

లచ్చవ్వ బీడీ ఆకు కత్తిరించడం ఆపింది. “నీకా? జరమొచ్చి కీళ్లు వట్టుకపోయినయ్ గదరా.”

“అది కాలనీ అందరికి వచ్చె.”

“మీ నాయిన పాయె.”

“అది నాయినకైంది. నాకు గాదు.”

“పెండ్లయింది నీకు!”

“ఆరేండ్లాయెనే.”

లచ్చవ్వ ఇంకాసేపు ఆలోచించింది. “ఏసిన గొంగడి ఏసిన కాడ్నే ఉన్నది మనది,” అని మళ్లీ ఆకు అందుకుంది. నవత గర్భం తనకు జరిగినదాని కింద లెక్కకొస్తుందా అని ఓదెలు సత్తార్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాడు. అది నవత నంబరు కింద ఎప్పుడో నమోదైందట, ఒక సంఘటనను ఇద్దరి పేర రాయడానికి వీల్లేదట.

బుధవారం, గురువారం ఓదెలు ఏదైనా జరుగుతుందేమోనని బయట తిరిగాడు. రైతుబజార్లో నిలబడ్డాడు. తెలిసినవాళ్లు కనబడి ఏం సంగతి అన్నారు, ఏం లేదన్నాడు. ఎప్పుడూ ఎక్కే బస్సు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. శుక్రవారం ఆఫీసు మూడో అంతస్తు మెట్ల మీద నిలబడి కిందికి చూశాడు. సత్తార్ పైకొస్తూ చూసి, చేయి పట్టుకుని దింపాడు. “దూకితే లెక్కకు రాదు భాయ్. జారాలె.” ఓదెలు ఎంతసేపు నిలబడ్డా జారలేదు.

శనివారం మధ్యాహ్నం ఇందుమతి గది బయట బెంచీ మీద కూర్చుని, ఓదెలు తన బతుకును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిరగేశాడు. నాలుగున్నరకు కలం తీసి మొదటి గీత మీద రాశాడు: ‘నాకు భయం పుట్టింది. నాలుగు నెలలైంది. రోజూ పెరుగుతున్నది.’

సత్తార్ అది చదివి, కళ్లు మెరిసి, పరుగులాంటి నడకతో లోపలికి తీసుకెళ్లాడు. పుట్టింది, పెరుగుతోంది, ఇంతకన్నా జరగడం ఏముంటుంది? ఓదెలు లేచి నిలబడ్డాడు. తలుపు సందులోంచి ఇందుమతి కాగితాలు తిప్పడం కనిపిస్తోంది. పది నిమిషాల తర్వాత పిలిచింది.

“బాగా వెతికారు,” అంది. “కానీ ఇది మిగతా పత్రాలతో సరిపోల్చాం. లడ్డు తిన్నవాళ్లలో ఉంది, తినని వాళ్లలో ఉంది, మా సిబ్బందిలో ఉంది. సంఘటన కింద రాదు ఓదెలూ. ఇది అందరికీ ఉండేదే.”

ఓదెలు కళ్లవెంట నీళ్లు వచ్చాయి. ఇందుమతికి జాలేసింది. కుర్చీ చూపించి కూర్చోమంది.

“పెరుగుతున్నదని రాశారు. పెరగకుండా మాత్రం నేను చూడగలను. జాబితాకు తాళం వేయడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. కంట్రోల్‌లో ఒక ఖాళీ ఉంది.”

ఓదెలు గోడ మీది గడియారం చూశాడు. ఇంట్లో తలుపువైపు చూస్తూ కూర్చున్న నవతను తలుచుకున్నాడు. వచ్చే వారం, ఆ పై వారం, అయిదేళ్ల పాటు ప్రతి సాయంత్రం ఆమె అడగబోయే ప్రశ్నను తలుచుకున్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. సత్తార్ చూపుడువేలితో చోటు చూపించాడు.

అతను ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. నవత మంచం మీద కూర్చుని ఉంది. పేరు తీసేశారా అని అడిగింది. లేదు, నా పేరు కూడా రాసిన అన్నాడు. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. ఓదెలు కూర్చుని, ఆమె చీర కొంగు తొలగించి, కడుపు మీద చేయి వేశాడు. లోపల ఏమీ కదలలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి, అందుకు అతనికి భయం వేయలేదు.