చలమయ్య బంగారు తోక

ఎండ నేల దాకా దిగలేనంత చిక్కటి ఒక పెద్ద అడవిలో చలమయ్య అనే ఉడుత కాపురం ఉండేవాడు. కొమ్మ మీంచి కొమ్మకి దూకుతూ ఒక్క గింజ ఖర్చు లేకుండా అడవంతా తిరిగొచ్చేవాడు. వానాకాలానికని భార్య గవరమ్మా తనూ తొర్ర నిండా గింజలు దాచారు.

ఆ ఏడు నక్క పరాంకుశం సవారీల కంపెనీ పెట్టాడు. అడవిదున్న వీపు మీద ప్రయాణం, చార్జీ దోసెడు గింజలు. ఎవరూ ఎక్కలేదు. కాళ్ళున్నవాళ్ళు నడిచారు, రెక్కలున్నవాళ్ళు ఎగిరారు.

అప్పుడు పరాంకుశం కొత్త పథకం చాటించాడు. సవారీ చేసినప్పుడల్లా తోక మీద ఒక పసుపు చుక్క. తోకంతా పసుపైతే అది బంగారు తోక! బంగారు తోకవాళ్ళకి జలపాతం ప్రయాణం ఉచితం!

ఉచితం అన్న మాట చలమయ్య చెవిన పడింది. ఆ తర్వాత ఇంకేమీ పడలేదు.

"రెండు గెంతులేస్తే మా తమ్ముడి చెట్టు. దానికి దున్నెందుకయ్యా?" అంది గవరమ్మ.

"గెంతితే చుక్కెవడిస్తాడే? ఇది ఖర్చు కాదు, సంపాదన!"

బావమరిది మొహం చూడటానికే ఇష్టపడని చలమయ్య, రోజూ వాళ్ళింటికి సవారీ కట్టాడు. పని లేని చోటికీ వెళ్ళాడు. వెళ్ళిన చోట దిగకుండా వెనక్కీ వచ్చాడు.

ఒకనాడు కుందేలు తన బొట్టంత తోక ఊపుకుంటూ జలపాతానికి బయల్దేరింది. చలమయ్య కడుపు మండిపోయింది.

"దానికి తోకే లేదు, బంగారం ఎలా అయిందండీ?" అని నక్కని నిలదీశాడు.

"అందరివీ తోకలే అవుతాయా? తమది పెద్దమనిషి తోక," అన్నాడు పరాంకుశం వినయంగా. "అన్నట్టు, తొలివాన పడితే పాత చుక్కలు చెల్లవు. త్వరపడండి."

చలమయ్య తొర్రకి పరిగెత్తాడు. గవరమ్మ అడ్డం నిలబడింది.

"మూల ఉన్నవి పిల్లలవి. వాటి జోలికెళ్ళకు."

"ఇప్పుడాగితే ఇంతవరకూ పెట్టిందంతా దండగే!" అంటూ ఆమెని తోసుకుని లోపలికెళ్ళి, ఆ మూల కూడా ఊడ్చుకుపోయాడు.

తోక బంగారమైంది. జలపాతం చూశాడు. నీళ్ళు పైనుంచి కిందికి పడుతున్నాయి. కాసేపు చూసి, ఇక పోదామని దున్న దగ్గరికొచ్చాడు.

"చార్జీ," అంది దున్న.

"ఉచితం కదా!"

"రావడం ఉచితం. వెళ్ళడం గురించి ఎవరైనా చెప్పారా?"

గింజల్లేని చలమయ్య కొమ్మల మీద దూకుతూనే ఇంటికి బయల్దేరాడు. దార్లో తొలివాన అందుకుంది. ఇల్లు చేరేసరికి తోక మీద పసుపన్నది లేదు.

తొర్రలో పిల్లలు చెట్టు బెరడు కొరుకుతున్నారు. గవరమ్మ వానలో తిండి వెతకబోతోంది. మొగుణ్ణి చూసి పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది. పిల్లల ఆకలి చూడలేక చలమయ్య సిగ్గు చంపుకుని పరాంకుశం గుమ్మం ఎక్కాడు.

నక్క ఇంట్లో గింజలు గుట్టలుగా పడున్నాయి. నక్క గింజలు తినదు.

"పని చేస్తే రోజుకి గుప్పెడిస్తాను," అన్నాడు పరాంకుశం. "తోకలకి చుక్కలు పెట్టే పని. అనుభవం ఉన్నవాడివి."

మర్నాడు పసుపు గిన్నెతో కూర్చున్నాడు చలమయ్య. కొత్తగా కాపురం పెట్టిన ముంగిస ఒకడు, పెళ్ళాం దాచిన తిండి మూట చంకన పెట్టుకుని వచ్చాడు.

"అన్నా, నిజం చెప్పు. జలపాతం ఉచితమేనా?"

చలమయ్య ఆ మూట వంక చూశాడు. లోపల్నుంచి పరాంకుశం దగ్గాడు.

"ఉచితమే తమ్ముడూ," అన్నాడు చలమయ్య. "నేను వెళ్ళొచ్చాను. ఏదీ, తోక ఇలా తిప్పు."

నీతి: ఉచితంగా తిరగాలంటే ముందు బాగా కలిగినవాడై ఉండాలి.