కాంట్రాస్ట్ కుదరని కాపురం

ప్రొజెక్టర్‌లో బొమ్మ సరిగా కుదరకపోవడం కంటే సంసారానికి మేలు చేసేది ఇంకొకటి లేదు! నవ్వకండి. నేను పదో తరగతి వరకే చదివాను గానీ, దేనికి భయపడాలో మాత్రం నాకు బాగా తెలుసు.

మా ఇంటాయన ప్రొజెక్టర్ తెచ్చిన రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. షాక్ కొడుతుందేమో, పిల్లల కళ్లు పోతాయేమో, సినిమా కోసం వీధంతా మా మిద్దె ఎక్కితే పిట్టగోడ కూలుతుందేమో! అవేవీ జరగలేదు. ఎందుకంటే మా మిద్దె మీద ఇంతవరకు ఒక్క సినిమా కూడా మొదలుకాలేదు.

తాడుకు కట్టిన తెల్ల పంచె మీద బొమ్మ పడగానే మా ఆయన రిమోట్ అందుకుంటాడు. బ్రైట్‌నెస్ పెంచుతాడు. కాంట్రాస్ట్ తగ్గిస్తాడు. బొమ్మ వాలిందని ప్రొజెక్టర్ కింద కడప బండ ముక్క పెడతాడు. ఈలోగా గాలికి పంచె ఎగిరి, హీరో నడుం దగ్గర రెండుగా మడుచుకుపోతాడు!

ఎంత లాభమో చూడండి. రక్తం కారినా అది రక్తమో పసుపునీళ్లో తెలియదు కాబట్టి పిల్లలు జడుసుకోరు. పక్కింటి ఇమాం బాషా అన్న, మా ఆయన ఇదివరకు రాజకీయాలు మాట్లాడుకుని గొంతులు లేపేవాళ్లు. ఇప్పుడు రంగుల శాచురేషన్ గురించి ఎంతో మర్యాదగా పోట్లాడుకుంటున్నారు. ఇంతకు మించిన శాంతి కమిటీ ఏ ఊళ్లో ఉంది?

మొన్న పొద్దు మునిగాక మా అమ్మాయి శివాని ఖోఖో వీడియో పెట్టింది. మైదుకూరులో ఆడిన ఫైనల్. రాష్ట్ర జట్టు క్యాంపుకు దానికి పిలుపొచ్చింది. నేను కాళ్లు విరుగుతాయని వెంటనే వద్దన్నాను. వాళ్ల నాన్న మాత్రం ఆట చూశాక చెబుతానన్నాడు. ఆయన ఒక్కసారి చూస్తే చాలు, ఒప్పుకుంటాడని దాని ఆశ.

విజిల్ పడింది. శివాని లేచి పరిగెత్తింది. అంతే, బొమ్మ ఆగింది!

“ఉండు పాపా, మన్ను మరీ ఎర్రగా ఉండాది” అన్నాడు మా ఆయన.

“మన్ను సంగతెందుకప్పా ఓబుళేశూ? పిల్లోళ్ల మొగాలు జూడు, రాగి చెంబుల మాదిరి ఉండాయి” అన్నాడు ఇమాం బాషా అన్న.

రాగి రంగు తగ్గిస్తే ముఖాలు నీలమయ్యాయి. “అయ్యో, బిడ్డకు ఊపిరాడతాండాదా?” అని నేను అరిచాను. నీలం తగ్గిస్తే అందరికీ పచ్చకామెర్లు! మళ్లీ ఆట నడిచినా, సెట్టింగుల పెట్టె తెర నడిమధ్య తిష్ట వేసింది. నా బిడ్డ దాని వెనక్కి పరిగెత్తి, ఆ వెనకే ఎవరినో అవుట్ చేసి వచ్చింది.

చివరికి దానికి ఓపిక పోయింది.

“నాయనా, ఆడింది నేనే గదా! ఈడనే ఉండా. నన్ను జూసి రంగు కలుపుకో!”

ఆ సలహా ఆయనకు శాస్త్రీయంగా తోచింది. సెల్‌ఫోన్ లైటు దాని ముఖం మీద వేశాడు. ముఖం చూశాడు, పంచె చూశాడు. మళ్లీ ముఖం చూశాడు. ఈసారి పంచె వైపు తిరగలేదు.

“గడ్డం కింద ఈ కుట్ల మచ్చేంది పాపా? ఎప్పుడు తగిలింది?”

“పోయినేడు. డైవ్ కొట్టినప్పుడు.”

“నాకెవురూ చెప్పల్యా?”

“నేనే చెప్పినా. ఫోన్ జూసుకుంటా ఊ అంటివి.”

ఆయన కాసేపు రిమోట్‌ను అటూ ఇటూ తిప్పాడు.

“కుట్లేసినాక గూడా ఆడ్తివా?”

“ఆడితి. గెలిస్తిమి గూడా.”

“సరే, పెట్టు. యా రంగులో ఉంటే ఏమిలే, చూస్తా.”

ఆట మొత్తం పచ్చకామెర్లతోనే నడిచింది. ఆయన రెప్ప వేయలేదు. పాప డైవ్ కొట్టినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను కాబట్టి ఆ ఘట్టం వర్ణించలేను. తెల్లారి తండ్రీ కూతురూ క్యాంపుకు బూట్లు కొనడానికి బజారుకు వెళ్లారు.

ప్రొజెక్టర్ కంపెనీ బాబులూ, మీకు దండం పెడతాను. బటన్ నొక్కగానే రంగులన్నీ వాటంతటవే కుదిరిపోయే మిషన్ మాత్రం చేయకండి! ఒకే ఇంట్లో తిరిగే బిడ్డ ముఖాన్ని కన్నతండ్రి తేరిపార చూడడానికి మాకు వేరే దారి దొరకడం లేదు.