తొమ్మిదీ పదికి వచ్చే తోకచుక్క

సోమవారం పొద్దున కళ్లద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపుకు బయల్దేరేలోపు తన కొత్త కెమెరాకు తనకంటే వయసులో పెద్దదైన లెన్సునొకదాన్ని బిగించాలి. రాత్రి భోజనం కాగానే మేడెక్కి నక్షత్రాలను ఫొటో తీయాలి. ఇందులో ఎవరికీ కష్టం లేదు, నష్టం లేదు. అయినా ఆ వారం గడిచేసరికి వీధి వీధంతా వచ్చి ఆయన మేడమీద కూర్చుంది.

ఆయనది కళ్లద్దాల షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం. వచ్చినవాళ్ల ముక్కుమీద ఇనప ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని పొద్దస్తమానం అడగడమే పని. అంత చాకిరీ చేశాక ఎవరికైనా అద్దమంటే విసుగు పుట్టాలి. ఈయనకు పిచ్చి పుట్టింది. పాత సామాన్లు అమ్మే చోటల్లా వెతికి, మోటారూ గీటారూ లేకుండా చేత్తో తిప్పుకునే పాతకాలపు కెమెరా లెన్సులు ఏరుకొచ్చేవాడు. హాల్లో ఉన్న గాజు తలుపుల బీరువాలో అవి పదకొండయ్యాయి.

పాత లెన్సు కొత్త కెమెరాకు అతకాలంటే మధ్యలో ఒక లోహపు రింగు ఉండాలి. ఆ పొద్దున రింగు తగిలించి, లెన్సు బిగించి, మీట నొక్కాడు. కెమెరా తెరమీద "లెన్సు లేదు" అని అక్షరాలు పడ్డాయి.

"ఏమంటోందండీ?" అంటూ భార్య కాఫీ కప్పుతో వచ్చి తొంగిచూసింది.

"లెన్సు లేదంటోంది. పాతది కదా, దీంతో మాట్లాడదు. సెట్టింగ్ మారిస్తే సరిపోతుందిలే."

"బాగానే ఉంది సంబడం. మీ కెమెరాకే కనిపించనివి నా బీరువాలో మాత్రం పదకొండున్నాయి."

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. ఏడాదిగా ఆవిడ మట్టితో కుండలూ కూజాలూ చేయడం నేర్చుకుంటోంది. పెట్టుకోవడానికి చోటు లేక వాటిని మంచం పక్కన నేలమీదే వరసగా పేర్చుకుంది. చీకట్లో మేడ దిగి వస్తూ ఆయన ఇప్పటికి మూడింటిని తొక్కాడు. ఆ మూడోది, ఆవిడ చేతిలో మొట్టమొదటిసారి వంకర లేకుండా వచ్చిన కూజా.

"ఇదిగో, ఆదివారం దాకా చూస్తాను," అంది ఆవిడ కప్పు బల్లమీద పెట్టి. "వీటితో హాల్లో తగిలించుకోదగ్గ ఫొటో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తీసి చూపించండి. బీరువా మీకే వదిలేస్తా. లేదా, పదకొండూ వచ్చిన దారినే వెళ్లిపోతాయి. నా కుండలు లోపలికొస్తాయి."

"ఒక్కటేం ఖర్మ, పది తీస్తా చూడు," అన్నాడాయన. అన్నాడే గాని, రెండేళ్లలో తీసిన నక్షత్రాల ఫొటోల్లో పనికొచ్చేది ఒక్కటీ లేదని ఆయనకు తెలుసు.

పాత లెన్సుల మీద అంతులేని దూరానికి గుర్తుగా ఒక పడుకున్న ఎనిమిది ఉంటుంది. రింగు అక్కడిదాకా తిప్పితే నక్షత్రాలు సూదిమొనల్లా రావాలి. రావు. మధ్యలో లోహపు రింగు చేరాక ఆ ఎనిమిది మాట నమ్మడానికి లేదు. అసలు చోటు వెంట్రుకవాసి ఇవతలుంటుంది. సోమవారం రాత్రి ఆయన మేడమీద గంటసేపు కుస్తీపట్టి ఆ చోటు కనిపెట్టాడు. మళ్లీ కదలకుండా రింగు చుట్టూ దెబ్బలకు వేసే ప్లాస్టరు అంటించాడు. వెలుగు ఎంత లోపలికొస్తే అంత మంచిదని లెన్సు కన్ను పూర్తిగా తెరిచిపెట్టి, ఎదురింటి మేడ అంచుకు పైనున్న ఆకాశం మీదికి గురిపెట్టాడు.

వరసగా పదేసి సెకన్ల ఫొటోలు తీశాడు. మూలల్లో ఉన్న నక్షత్రాలకు రెక్కలు మొలిచాయి. పాత లెన్సు కన్ను అంతగా తెరిస్తే అంతే. ఆయన ఉసూరుమంటుండగా, తొమ్మిదీ పదికి తీసిన ఫొటోలో ఎడమవైపు పై మూల ఆకుపచ్చగా ఒక వెలుగు కనిపించింది. దానికి వెనక చిన్న తోక. తర్వాతి ఫొటోల్లోనూ ఉంది. ఆరేడు నిమిషాలయ్యాక లేదు.

"తోకచుక్క!" అని కేకపెట్టి ఆయన మెట్లన్నీ ఒక్క ఉదుటున దిగి పడగ్గదిలోకి పరుగెత్తాడు. నాలుగో కుండ పోయింది.

ఆవిడ పెంకులు ఏరుకుంటూనే ఫొటో చూసింది. "నీళ్లు పడ్డ మరకలా ఉంది."

"మరకైతే అన్ని ఫొటోల్లోనూ ఉండాలి కదటోయ్! ఇది వచ్చింది, వెళ్లిపోయింది!"

మంగళవారం కూడా వచ్చింది. మళ్లీ సరిగ్గా తొమ్మిదీ పదికి.

"తోకచుక్క టైము ప్రకారం రావడమేంటండీ? అదేమన్నా బస్సా?"

"బస్సు ఏనాడు టైముకొచ్చింది? ఆకాశం అన్నాక ఒక లెక్కుంటుంది," అన్నాడాయన గంభీరంగా.

బుధవారం ఎదురింటి మేడమీదుండే హెడ్‌మాస్టారు కళ్లద్దాల కోసం షాపుకొచ్చారు. ఉద్యోగంలోంచి దిగి పదేళ్లయినా మెళ్లో విజిలు దిగలేదు. ఆయన రోజంతా పీరియడ్ల లెక్కన నడుస్తుంది. తొమ్మిదికి వార్తలు అయిపోవాలి. తొమ్మిదీ పదికి స్నానం. తొమ్మిదిన్నరకు నిద్ర. భూకంపం వచ్చినా ఈ వరస మారదు. అలాంటి మనిషి ముక్కుమీద ఫ్రేము పెట్టి, కళ్లద్దాలాయన నోరు ఊరుకోక తోకచుక్క సంగతి చెప్పేశాడు.

మాస్టారు ఫ్రేముతోనే లేచి నిలబడ్డారు. "మన వీధిలోనా? నాకు చూపించాలి నాయనా! నేను సాక్షి సంతకం పెడతాను!"

ఆ రాత్రి వార్తలు కాగానే మాస్టారు కళ్లద్దాలాయన మేడమీదికి చేరుకున్నారు. తొమ్మిది దాటింది. తొమ్మిదీ ఎనిమిదికి గడియారం చూసుకుని, "ఇప్పుడే వస్తా. అది వస్తే కాస్త ఆపండి," అని ఇంటికి పరుగెత్తారు. ఆయనటు వెళ్లడం, ఇటు తోకచుక్క రావడం. తల తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి అది లేదు.

"నా ఖర్మ!" అని మాస్టారు నుదురు కొట్టుకున్నారు. "పోనీ, పేరు మాత్రం నాదే పెట్టాలి. వీధిలో అందరికంటే పెద్దవాణ్ని."

గురువారం బావమరిది ఊడిపడ్డాడు. వాడి భుజాన సంచిలో ఎప్పుడూ సరికొత్త, ఖరీదైన, తనంతట తనే ఫోకస్ చేసుకునే లెన్సు ఉంటుంది. అక్కా బావల పందెం సంగతి వినగానే నవ్వుతూ అదే కెమెరాకు తన లెన్సు బిగించాడు. తొమ్మిదీ పది, తొమ్మిదీ పదకొండు, పన్నెండు. ఏమీ లేదు. పాతది పెట్టి చూస్తే ఉంది.

"బావా, మంచి లెన్సులో కనిపించట్లేదంటే అక్కడేమీ లేనట్టేగా?"

"పిచ్చివాడా! కొత్త లెన్సుల్లో ప్రతి అద్దానికీ పూతలు పూసి పెడతారు. ఆ పూతలే మింగేస్తున్నాయి. పాతదానికి ఏ పూతా లేదు, ఉన్నదున్నట్టు చూపిస్తుంది."

"అంటే నా లెన్సు తోకచుక్కల్ని తింటుందా?"

"తింటుంది! ఈ కాలం సరుకంతా ఇంతే!" అన్నారు అప్పుడే స్నానం ముగించి, రెండోసారి కూడా తోకచుక్కను చూడలేకపోయిన మాస్టారు. మేడమీదున్న నలుగురూ ఔనంటే ఔనన్నారు. బావమరిది లెన్సు సంచిలో పెట్టుకున్నాడు.

శుక్రవారానికి సంగతి వీధి గ్రూపులోకి ఎక్కింది. కెమెరా వెనక తెర చిన్నదని జనం పోట్లాడుకుంటుంటే, ఇంట్లో టీవీని మేడమీదికి మోసి తీగ తగిలించారు. భార్యకు ఇల్లు ఇల్లులా లేదు. ఎవరెవరో పడగ్గది దారిన మేడెక్కుతున్నారు. అయిదో కుండ ఎవరు తొక్కారో తేలలేదు.

"ఏవండీ, రేపు శనివారం," అంది ఆవిడ.

"తెలుసు. రేపు తీసే ఫొటో చూడు. మాస్టారు వీధి వీధంతా లైట్లు ఆర్పిస్తున్నారు. చీకట్లో తోక బారెడు పొడుగు కనిపిస్తుంది! నువ్వే కొలతలు తీసుకుని ఫ్రేము కట్టిస్తావు."

ఆయన మొహంలో వెలుగు చూసి ఆవిడకు జాలేసింది. జాలి వేరు, బీరువా వేరు. ఆదివారం లెన్సులు సర్దడానికి తెచ్చిన అట్టపెట్టె మాత్రం మంచం కిందే ఉంచింది.

శనివారం మాస్టారు ఇంటింటికీ తిరిగి తలుపు తట్టారు. వీధి దీపాలు చూసుకునే లైన్‌మన్ ఆ వీధివాడే కావడంతో వాటికీ ఒక గంట సెలవు దొరికింది. తొమ్మిదీ అయిదుకు మాస్టారు విజిలు ఊదారు. వీధి ఒక్కసారిగా మసిపూసినట్టయింది. తొమ్మిదీ ఎనిమిదికి ఆయన అలవాటు ప్రకారం బయల్దేరుతూ, "రూలు నాకూ వర్తిస్తుంది. ఇవాళ చీకట్లోనే స్నానం!" అని ప్రకటించి వెళ్లారు. అందరూ చప్పట్లు కొట్టారు.

తొమ్మిదీ పది. టీవీలో ఫొటో పడింది. తోకచుక్క లేదు. పన్నెండు. లేదు. పదిహేను. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. బావమరిది దగ్గాడు. ఆ దగ్గులో దగ్గు తక్కువ, నవ్వు ఎక్కువ. రేపు పొద్దున అట్టపెట్టెలోకి ఒక్కొక్కటీ దిగే పదకొండు లెన్సులూ కళ్లద్దాలాయన కళ్లముందు కదిలాయి.

అంతలో ఎదురింటి మేడమీద పెద్ద చప్పుడు. బకెట్టు దొర్లింది. దాని వెనకే "అమ్మో!" అని మాస్టారి గొంతు. బాత్‌రూం కిటికీలో లైటు వెలిగింది. పది సెకన్లకు టీవీలో, ఎడమవైపు పై మూల, తోకతో సహా ప్రత్యక్షం.

"వచ్చింది! వచ్చింది!" అని మేడంతా అరిచింది. ఆ అరుపు విన్న మాస్టారు రూలు గుర్తొచ్చి నాలుక కరుచుకుని, లైటు ఆర్పేసి బాల్కనీలోకి పరుగెత్తారు. "ఏదీ? ఎక్కడ?"

లేదు. పోయింది.

భార్య టీవీకేసి చూసింది. ఎదురింటి కిటికీకేసి చూసింది. పిట్టగోడ దగ్గరికెళ్లి నడుముమీద చేతులు పెట్టుకుంది.

"మాస్టారూ! ఆ బాత్‌రూం లైటు ఒకసారి వేయండి!"

"తువ్వాలు మీదున్నానమ్మాయ్!"

"మిమ్మల్ని కాదు, లైటునే చూస్తాం. వేయండి!"

లైటు వెలిగింది. కెమెరా క్లిక్కుమంది. "ఇప్పుడుందా?" అని ఆవిడ మొగుణ్ని అడిగింది.

"ఉంది," అన్నాడాయన నీళ్లు నములుతూ.

"ఆర్పండి మాస్టారూ! ఇప్పుడో?"

"లేదు."

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

మేడమీద నవ్వులు ఆగలేదు. రోజూ షాపులో పదిమందికి "అద్దంలో లైట్లు మెరవకుండా పూత వేయించుకోండి" అని చెప్పే మనిషి ఆయన. పూత లేని పాత అద్దాల మధ్య బల్బు వెలుగు అటూ ఇటూ కొట్టుకుని అవతలి మూలన పడుతుందని ఆయనకు తెలియనిదా? తెలుసు. తోకచుక్క మీద మోజులో బుర్ర పనిచేయలేదు. సిగ్గుతో చచ్చిపోయి, పిట్టగోడకు ఆనుకుని నేలమీద చతికిలపడ్డాడు.

"తప్పు నాదే," అన్నారు మాస్టారు ఎదుటి బాల్కనీలోంచి. "అయితే లైట్లు వేయించేస్తున్నా." విజిలు నోట్లో పెట్టుకున్నారు.

"మాస్టారూ, ఆ విజిలు ఊదారంటే చూడండి!" అని భార్య గట్టిగా అరిచింది. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ తల పైకెత్తి ఉంది. "ఏవండీ, లేవండి. నేల చూపులు తర్వాత చూద్దురుగాని. ముందు పైకి చూడండి."

వీధంతా పైకి చూసింది. ఏళ్ల తరబడి లైట్ల వెనక దాక్కున్న నక్షత్రాలన్నీ బయటికొచ్చి ఉన్నాయి. నడుమ పాలపుంత తెల్లగా పొగలా సాగి ఉంది. కళ్లద్దాలాయన లేచి కెమెరా తిప్పాడు. లెన్సు కన్ను రెండు క్లిక్కులు మూశాడు. ప్లాస్టరు జోలికి పోలేదు.

"నొక్కనా?" అంది ఆవిడ. నొక్కింది.

టీవీలో ఫొటో పడింది. ఈ మూల నుంచి ఆ మూలదాకా నక్షత్రాలు సూదితో పొడిచినట్టున్నాయి. ఒక్కదానికీ రెక్కల్లేవు. ఆయనకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు కూడా.

"బావా," అన్నాడు బావమరిది, "ఆ లెన్సు నాకిచ్చెయ్యవా?"

"ఇచ్చేది లేదు!" అంది వాళ్లక్క, ఆయన నోరు తెరిచేలోపే.

ఆదివారం ఆవిడ మాట నిలబెట్టుకుంది. అట్టపెట్టె మడిచి బయట పారేసింది. తనే మీట నొక్కిన ఫొటో గనక అరచేతంత ఫ్రేములో పెట్టడానికి మనసొప్పక, నాలుగడుగుల ఫ్రేము కట్టించింది. తీరా తెచ్చాక హాల్లో దానికి సరిపోయే గోడ ఒక్కటే కనిపించింది, బీరువా ఉన్న గోడ. నలుగురూ పట్టి బీరువాను బయటికి మోశారు. పదకొండు లెన్సులూ ఇప్పుడు మంచం పక్కన నేలమీద, కుండల వరసలోనే ఉన్నాయి. ఆయన చీకట్లో పాకుతూ వచ్చి పడుకుంటున్నాడు.

మాస్టారు తోకచుక్క ఫొటో అడిగి తీసుకున్నారు. కింద తన పేరు రాయించి, పుట్టిన చోటే ఉండాలని బాత్‌రూంలో తగిలించుకున్నారు. దాన్ని చూడాలన్నా లైటు వేయాల్సిందే.